కొండ ఊళ్లకు ఒంటరిగా వెళ్లే నర్సులకు రెండు వారాల శిక్షణ: నా సమీక్ష

ఒడిశాలోని ఒకప్పటి కోరాపుట్ జిల్లా 1992లో కోరాపుట్, రాయగడ, మల్కనగిరి, నవరంగపురం అనే నాలుగు జిల్లాలుగా విడిపోయింది. ఈ నాలుగింటిలోనూ, పక్కనే ఉన్న గజపతి జిల్లాలోనూ తెలుగు ఇళ్లలో పుట్టి, ఒడియా బడిలో చదివి, జీఎన్‌ఎం అనే నర్సింగ్ కోర్సు పూర్తిచేసిన ఆడపిల్లలు ఉన్నారు. జయపురంలోనో, రాయగడలోనో, పర్లాకిమిడిలోనో ఒక ఆసుపత్రి వార్డులో నలుగురు సిస్టర్ల మధ్య పని నేర్చుకున్న అమ్మాయికి ఒకనాడు కొండమీది ఉప ఆరోగ్య కేంద్రంలో చేరమని ఉత్తర్వు వస్తుంది. అక్కడ డాక్టరు ఉండరు, అర్ధరాత్రి లేపి అడగడానికి సీనియర్ సిస్టర్ కూడా ఉండరు. కొండ ప్రాంతాల్లో 3,000 జనాభాకు ఒక ఉప కేంద్రం అన్నది లెక్క. కానీ ఆ మూడు వేల మంది ఒక్క చోట ఉండరు, వాగులకు అటూ ఇటూ చిన్న చిన్న గూడేలుగా చెదిరి ఉంటారు.

అలా ఒంటరిగా వెళ్లే నర్సుల కోసం మా వైపు ఒక పాత ధర్మాసుపత్రి రెండు వారాల శిక్షణ నడుపుతోంది. బ్లాకు వైద్యాధికారి సిఫారసు లేకుండా అక్కడ ఎవరినీ చేర్చుకోరు, సీట్లు కూడా తక్కువ. అందుచేత ఆసుపత్రి పేరు ఇక్కడ రాయడం లేదు, కావలసిన వారికి బ్లాకు కార్యాలయంలోనే వివరాలు దొరుకుతాయి. మల్కనగిరి జిల్లాలో చిత్రకొండ వైపు ఒక కేంద్రంలో చేరేముందు నేను ఈ శిక్షణ తీసుకున్నాను. అక్కడ ఒక వర్షాకాలం గడిపిన తరువాత, నేర్పినవాటిలో ఏవి నిజంగా అక్కరకు వచ్చాయో, ఏవి నేర్పకపోవడం వల్ల ఇబ్బంది కలిగిందో చూసుకుని ఇప్పుడు రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ శిక్షణ కొత్త పనులు పెద్దగా నేర్పదు. సూది వేయడం, కాన్పు చేయడం, సెలైన్ ఎక్కించడం అందరికీ తెలిసినవే అని వాళ్లు అనుకుంటారు, అది సరైన అంచనాయే. వాళ్లు నేర్పేది ఒక్కటే: రోగిని ఎప్పుడు పంపాలన్న నిర్ణయాన్ని రోగి రాకముందే తీసుకుని పెట్టుకోవడం. ఒంటరి నర్సుకు అన్నిటికంటే అవసరమైనది ఇదేనని నేను నమ్ముతున్నాను, అందుకే ఈ శిక్షణలోని లోపాలు తెలిసి కూడా దీన్ని గట్టిగా సిఫారసు చేస్తున్నాను.

మొదటి రోజు మందుల పెట్టె తెరవరు. ప్రతి ఒక్కరూ తాము వెళ్లబోయే కేంద్రం పటం గీయాలి. కేంద్రం నుంచి పెద్దాసుపత్రికి ఎన్ని కిలోమీటర్లు అని రాస్తే ఒప్పుకోరు. ఎండాకాలం పగటిపూట ఎన్ని గంటలు, వానాకాలం రాత్రిపూట ఎన్ని గంటలు అని రెండు అంకెలు వేయాలి. ఏ వాగు ఎంత వానకు పొంగుతుంది, బొలెరో ఎవరింట్లో ఉంది, ట్రాక్టరు ఎవరిది, డోలీ మోయడానికి ఎవరిని పిలిస్తే కాదనరు, ఫోను సిగ్నలు ఏ గుట్ట మీద దొరుకుతుంది, ఇవన్నీ ఆ పటంలోకి రావాలి. ఇంకా చేరని వాళ్లకు ఈ సంగతులు తెలియవు కాబట్టి, అంతకుముందు అక్కడ పనిచేసిన సిస్టర్‌కో, ఆశా దీదీకో అక్కడినుంచే ఫోను చేయించి అడిగిస్తారు. నాకు మాత్రం ఆ ఫోను వల్ల కేంద్రంలో అడుగుపెట్టకముందే ఆశా దీదీతో పరిచయం ఏర్పడింది, ఆ పరిచయం తరువాత ఎంతో ఉపకరించింది.

పటం పూర్తయ్యాక బోర్డు మీద ఒక చిన్న పట్టిక రాస్తారు. చికిత్స అందకపోతే, సమస్య మొదలైన దగ్గర్నుంచి ప్రాణం పోవడానికి సగటున ఎంత సమయం పడుతుందన్న అంచనాలు అందులో ఉంటాయి. ప్రసవం తరువాతి రక్తస్రావానికి 2 గంటలు, ప్రసవానికి ముందు రక్తస్రావానికి 12 గంటలు, గర్భసంచి పగిలితే 1 రోజు, గుర్రపువాతానికి (బీపీ పెరిగి గర్భిణికి, బాలింతకు వచ్చే ఫిట్స్‌కు) 2 రోజులు, బిడ్డ అడ్డం తిరిగి ఆగిపోయిన కాన్పుకు 3 రోజులు, ప్రసవానంతర ఇన్‌ఫెక్షన్‌కు 6 రోజులు. ఇవి ప్రసూతి మరణాలను అధ్యయనం చేసేవారు చాలాకాలంగా వాడుతున్న అంకెలే, మేము చదువుకునేటప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టినవే. అయితే వాటి పక్కనే మన పటంలోని గంటలు రాయించినప్పుడు అవే అంకెలు వేరే సంగతి చెబుతాయి. దారి నాలుగు గంటలు, రక్తస్రావం ఇచ్చే గడువు రెండు గంటలు అయినప్పుడు, రక్తం పోవడం మొదలైన తరువాత బండి పిలిస్తే లాభం లేదు. కాబట్టి ఆ కేంద్రంలో బండి పిలవవలసిన సమయం కాన్పుకు ముందే వస్తుంది, లేదా ఆ గర్భిణి నెలలు నిండేముందే పెద్దాసుపత్రి దగ్గరికి చేరి ఉండాలి.

1994లో సెరీన్ థడియస్, డెబొరా మెయిన్ వివరించిన మూడు ఆలస్యాల గురించి నర్సింగ్ చదివిన ప్రతివారూ వినే ఉంటారు: వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరాక చికిత్స అందడంలో ఆలస్యం. ఆసుపత్రి వార్డులో పనిచేసేటప్పుడు మన కళ్లకు కనబడేది మూడోది మాత్రమే. కొండమీది కేంద్రంలో మొదటిది మన చేతుల్లోకి వస్తుంది, రెండోదానికి ముందుగా ఏర్పాటు చేసుకోవడం కూడా మన బాధ్యతే అవుతుంది. మాకు పాఠం చెప్పిన పెద్ద సిస్టర్ గుణుపురం వైపు తెలుగామె. కాన్పు మెళకువల గురించి ఎవరైనా ఎక్కువగా మాట్లాడితే, "ఏమ్మా, నువ్వు బాగా చేస్తావని నాకు తెలుసు, ఎంత ముందుగా పంపుతావో అది చెప్పు" అని అడిగేవారు. ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే శిక్షణ అంతా తిరుగుతుంది.

ఒడిశాలో దూరప్రాంత గర్భిణుల కోసం ఉన్న ‘మా గృహ’ (ఒడియాలో మా అంటే అమ్మ) అనే వసతి ఇళ్ల గురించి ఒక పూట పూర్తిగా కేటాయించారు. ఇది చాలా మంచి పని. నెలలు నిండే ముందు గర్భిణి వచ్చి అక్కడ ఉండవచ్చని, భోజనం, వసతి దొరుకుతాయని మనకు తెలుసు. కానీ ఇంట్లో మేకలను, చిన్న పిల్లలను వదిలి ఆమె ఎలా వస్తుందన్నది అసలు ప్రశ్న. అత్తగారితో ఎప్పుడు మాట్లాడాలి, ఏ నెలలో మాట పెట్టాలి, తోడుగా ఎవరు వస్తారో ముందే ఎలా ఖాయం చేసుకోవాలి అన్న విషయాలను పాత్రలు వేయించి నేర్పారు. రక్తంలో హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువ ఉన్నవారు, మొదటి కాన్పు ఆపరేషన్ అయినవారు, బీపీ పెరుగుతున్నవారు, ఇలాంటి వారి పేర్లను ఒక పుస్తకంలో విడిగా రాసి, వారం వారం చూసుకోమన్నారు. నా కేంద్రంలో ఇప్పటికీ ఆ పుస్తకమే నేను అన్నిటికంటే ముందు తెరిచేది.

శిక్షణలో అత్యుత్తమమైన భాగం నా దృష్టిలో రెండో వారం మొదట్లో చేయించే కాన్పు అభ్యాసం. ఇలాంటి అభ్యాసాలు అన్ని శిక్షణల్లోనూ ఉంటాయి, బొమ్మ బిడ్డకు శ్వాస ఇవ్వడం 2009లో మొదలైన నవజాత శిశు సురక్షా కార్యక్రమం నాటినుంచి అందరమూ నేర్చుకుంటున్నదే. ఇక్కడ తేడా ఏమిటంటే రెండు ఆపదలను ఒకేసారి తెస్తారు: బిడ్డ ఏడవడం లేదు, అదే నిమిషంలో తల్లికి రక్తం ఆగడం లేదు, గదిలో నర్సు ఒక్కరే. బిడ్డను తుడిచి, వెచ్చగా ఉంచి, కదలిక లేకపోతే మొదటి నిమిషంలోనే బ్యాగు, మాస్కుతో నిమిషానికి 40 నుంచి 60 సార్లు గాలి అందించాలి. తల్లికి బిడ్డ పుట్టిన నిమిషంలోపు గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ 10 యూనిట్లు కండకు పడాలి, గర్భసంచిని రుద్దాలి. రెండు చేతులతో ఈ రెండూ సాధ్యం కావు, అది సాధ్యం కాదని అందరికీ అర్థమయ్యేదాకా చేయించి, అప్పుడు అసలు పాఠం మొదలుపెడతారు.

ఆ పాఠం ఏమిటంటే, కాన్పు మొదలవుతున్నప్పుడే గదిలో ఉన్న ఆడవాళ్లలో ఒకరిని ఎంచుకుని, మూడు నిమిషాల్లో ఆమెకు ఒక పని నేర్పడం. అభ్యాసం కోసం ఆసుపత్రిలో వంట చేసే ఒక అమ్మను పిలిచి కూర్చోబెట్టారు. ఆమెకు వైద్యం మాటలు ఏవీ తెలియవు. పొత్తికడుపు మీద చెయ్యి ఎక్కడ పెట్టాలో, గట్టిగా బంతిలా తగిలేదాకా ఎలా రుద్దాలో, మెత్తబడితే నన్ను ఎలా పిలవాలో ఆమెకు అర్థమయ్యేలా చెప్పగలిగితేనే అభ్యాసం పూర్తయినట్లు. ఆక్సిటోసిన్ ముందే సిరంజిలో నింపి చెయ్యి అందే చోట పెట్టుకోవడం, బ్యాగును, రెండు సైజుల మాస్కులను కాన్పుకు ముందే పరీక్షించడం, తల్లి మూత్రసంచి ఖాళీగా ఉందో లేదో చూసుకోవడం కూడా ఇందులోనే వచ్చాయి. మేము నేర్చుకున్న పాఠ్యపుస్తకాలన్నీ గదిలో ఇంకొక నర్సు ఉందని అనుకునే రాసినవి. ఈ శిక్షణ మాత్రం లేదని అనుకుని మొదలవుతుంది.

రక్తస్రావం పాఠం కూడా సమయం చుట్టూనే నడిచింది. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ ఆమ్లం ఇంజెక్షన్ ప్రసవమైన మూడు గంటల్లోపు ఇస్తేనే ఉపయోగమని 2017లో దాదాపు 20,000 మంది స్త్రీలపై జరిగిన అంతర్జాతీయ పరీక్ష తేల్చింది. ఆ తరువాతి విశ్లేషణలో, ప్రతి 15 నిమిషాల ఆలస్యానికీ దాని ఉపయోగం సుమారు పదో వంతు తగ్గుతుందని తేలింది. పెద్దాసుపత్రికి చేరాక ఇస్తారులే అనుకునే మందు, చేరేసరికి పనికిరాకుండా పోవచ్చని అలా అర్థమైంది. ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి కనుక, కరెంటు రోజుల తరబడి పోయే చోట, దానిలాగే గర్భసంచిని బిగించే మిసోప్రోస్టాల్ మాత్రలు తప్పక ఉండాలని, అవి గది వేడిలోనే నిలుస్తాయని, 200 మైక్రోగ్రాముల మాత్రలు మూడు అంటే 600 అని నోటికి వచ్చేదాకా చెప్పించారు. బంగ్లాదేశ్ డాక్టరు సయేబా అక్తర్ కనిపెట్టిన పద్ధతిని, అంటే కాథెటర్‌కు (మూత్రం తీసే సన్నని గొట్టానికి) కండోమ్ కట్టి సెలైన్‌తో నింపి గర్భసంచి లోపల ఒత్తిడి కల్పించడాన్ని, బొమ్మ మీద చేసి చూపించారు. దాన్ని మాతో ఒక్కసారి కూడా చేయించలేదు. చూపించి వదిలేసే పని కాదది, చేయించి ఉండవలసింది.

గుర్రపువాతానికి ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ అభ్యాసం చిన్నదే అయినా ఎంతో విలువైనది. పంపేముందు ఇవ్వవలసిన మొదటి మోతాదు 10 గ్రాములు, ఒక్కో పిరుదుకు 5 గ్రాములు. ఒక్కో ఆంప్యూల్‌లో ఉండేది 1 గ్రామే కాబట్టి మొత్తం 10 ఆంప్యూళ్లు పగలగొట్టి రెండు పెద్ద సిరంజిల్లో నింపాలి. లైట్లు ఆర్పేసి, తలకు కట్టుకునే టార్చి వెలుగులో, పక్కన మంచం మీద ఒకరు ఫిట్స్ వచ్చినట్లు కొట్టుకుంటుండగా ఆ పని చేయించారు. మొదటిసారి ఎవరి చేతులూ నిలకడగా లేవు. పుస్తకంలో ఒక వరుసగా కనిపించే పని నిజంగా ఎంత సేపు పడుతుందో, ఆ సేపు రోగిని ఎడమ పక్కకు తిప్పి పట్టుకునేది ఎవరో అప్పుడే ఆలోచనకు వస్తుంది.

పాముకాటు పాఠాన్ని ఇంకొంచెం పెంచాలి, ఎందుకంటే ఉన్నంతవరకు అద్భుతంగా ఉంది. మన దేశంలో తయారయ్యే విరుగుడు ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగింటికి పనిచేస్తుంది. కట్లపాము కాటు నేలమీద పడుకున్నవారికి రాత్రివేళ పడుతుంది, నొప్పి ఉండదు, తెల్లవారాక కడుపునొప్పితో వచ్చి, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి; అందుకని తెల్లవారుజామున కడుపునొప్పితో ఎవరు వచ్చినా ముందు కళ్లు చూడమన్నారు. రక్తం గడ్డకడుతోందో లేదో చూసే పరీక్షకు శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి, ఆ గొట్టాన్ని సబ్బుపొడితో కడిగితే ఫలితం తప్పుగా రావచ్చు, ప్లాస్టిక్ గొట్టం అసలు పనికిరాదు. ఇలాంటి చిన్న వివరాల మీద వాళ్లకున్న శ్రద్ధ చూస్తే గౌరవం కలుగుతుంది. విరుగుడు మందు లేని కేంద్రంలో ఏం చేయాలన్నది కూడా స్పష్టంగా చెప్పారు: కట్టు బిగించకూడదు, కోయకూడదు, కాలు కదలకుండా ఉంచి వెంటనే బయలుదేరించాలి, శ్వాస మందగిస్తే దారి పొడవునా బ్యాగుతో గాలి అందిస్తూ వెళ్లాలి. నరాల మీద పనిచేసే విషానికి మనిషి చనిపోయేది ఊపిరి ఆగడం వల్లనే కాబట్టి, ఆ బ్యాగును వదలకుండా నొక్కగలిగిన మనిషి తోడు ఉంటే రోగి బతికి చేరవచ్చు. ఆ తోడు వెళ్లేది నర్సు అయితే కేంద్రంలో ఎవరు ఉంటారన్న ప్రశ్నకు మాత్రం శిక్షణలో సమాధానం దొరకలేదు.

జ్వరాల పాఠం మా ప్రాంతానికి తగినట్లు తయారుచేశారు. 2017లో మొదలైన దమన్ కార్యక్రమంలో దుర్గమ ప్రాంతాల్లో జ్వరం లేనివారికి కూడా మలేరియా పరీక్షలు చేయడం వల్ల, 2016లో 4 లక్షలు దాటిన ఒడిశా కేసులు 2019 నాటికి సుమారు 40 వేలకు తగ్గాయి. కేసులు తగ్గిన కొద్దీ పరీక్ష చేయకుండా మందు రాసే అలవాటు, మలేరియా కాదులే అనే ధీమా రెండూ పెరుగుతాయని, రెండూ ప్రమాదమేనని హెచ్చరించారు. వైవాక్స్ అనే రకం మలేరియాకు 14 రోజులు ఇచ్చే ప్రైమాక్విన్ విషయంలో గర్భిణులకు, పసిపిల్లలకు ఇవ్వకూడదని, మూత్రం నల్లబడితే వెంటనే ఆపాలని రోగికి దగ్గరుండి చెప్పమన్నారు.

ఇదే పాఠంలో 2016లో మల్కనగిరి జిల్లాలో జరిగిన పిల్లల మరణాలను ఒక ఉదాహరణగా తీసుకున్నారు. ఆ ఏడాది 100 మందికి పైగా చిన్నారులు ఫిట్స్, స్పృహ తప్పడం వంటి లక్షణాలతో చనిపోయారు. మొదట అంతా జపనీస్ మెదడువాపు అనుకున్నారు. కొందరిలో అది నిర్ధారణ అయింది కూడా. డాక్టర్ టి. జేకబ్ జాన్ సభ్యుడిగా ఉన్న నిపుణుల బృందం, మిగిలిన చాలామంది పిల్లల విషయంలో కసివింద గింజల్లోని విషం కారణమని చెప్పింది. కసివింద మన పెరళ్లలో, దారి పక్కన పెరిగే మొక్కే, మా వైపు చకుండా అంటారు. అలా వచ్చిన బిడ్డకు రక్తంలో చక్కెర బాగా పడిపోయి ఉండవచ్చు కాబట్టి, ఫిట్స్‌తో వచ్చిన ప్రతి బిడ్డకూ ముందు గ్లూకోమీటర్‌తో చూడండి, ఏం తిన్నారో అడగండి, రోగం పేరు తేల్చే పని తరువాతి వారికి వదలండి అని చెప్పారు. ఒంటరి నర్సు రోగ నిర్ధారణ చేయలేకపోయినా చేయగలిగిన పని ఎంత ఉంటుందో ఈ ఒక్క ఉదాహరణలో తెలిసింది. శిక్షణ మొత్తంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన గంట ఇదే.

ఇక లోపాల సంగతి. అన్నిటికంటే పెద్దది భాష. శిక్షణ ఒడియాలో, మధ్య మధ్య హిందీలో జరుగుతుంది. మాకు అది ఇబ్బంది కాదు, కానీ మేము వెళ్లే గూడేల్లో మాట్లాడేది దేశియా, కోయ, కువి, గుణుపురం వైపు సవర. వీటికోసం ఇచ్చింది ఒకటే కాగితం, అందులో కొన్ని వాక్యాలు. ఆ వాక్యాల్లో "నొప్పి ఎక్కడ" ఉంది, "ఎప్పటినుంచి" ఉంది. "ఇప్పుడే బయలుదేరాలి, రేపటిదాకా ఆగకూడదు" అన్నది లేదు. ఎప్పుడు పంపాలో ఇంత శ్రద్ధగా నేర్పే శిక్షణ, పంపాలని ఇంటి పెద్దను ఒప్పించే మాటను అతని భాషలో నేర్పకపోవడం పెద్ద వెలితి. ఆ ఆసుపత్రిలోనే పనిచేసే కువి, సవర ఆడపిల్లలతో రోజుకొక గంట కూర్చోబెట్టినా చాలా మేలు జరుగుతుంది.

పాఠాలతోపాటు ఇచ్చే కాగితాలు పాతవి. చిత్రకొండ జలాశయం అవతలి గ్రామాలకు దారి గంటలు చూపించే పట్టికలో ఇంకా పడవ ప్రయాణం లెక్కలే ఉన్నాయి. 910 మీటర్ల గురుప్రియ వంతెన 2018 జూలైలో తెరుచుకున్నాక ఆ లెక్కలు మారిపోయాయి, కొన్ని లోపలి ఊళ్లకు మాత్రమే ఇప్పటికీ పడవ, నడక తప్పవు. గంటల మీదే అంతా ఆధారపడే పాఠంలో గంటలే పాతబడితే ఎలా? ప్రతి బృందం గీసిన పటాలను దాచి, తరువాతి బృందానికి ఇస్తే ఈ లోపం తనంతట తానే తీరుతుంది.

మూడో లోపం నర్సు సొంత ఆరోగ్యం గురించి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు 0, 1, 6 నెలల్లో పడాలి. ఈ సంగతి శిక్షణలో చెబుతారు, కానీ అప్పటికి చేరడానికి మిగిలేది కొద్ది రోజులే. సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ నివారణ మందు వీలైతే 2 గంటల్లో, ఆలస్యమైనా 72 గంటలలోపు మొదలుపెట్టాలని చెప్పారు. ఆ మందు మన పటంలో ఎక్కడ దొరుకుతుందో గుర్తు పెట్టించలేదు. రోగులకు గంటలు లెక్కకట్టినట్లే నర్సుకూ కట్టాలి కదా. రాత్రీ పగలూ తలుపు తట్టే ఉద్యోగంలో ఎప్పుడు నిద్రపోవాలి, సెలవు ఎలా అడగాలి, ఒక తల్లో బిడ్డో చేతుల్లో పోయిన తరువాత ఎవరితో మాట్లాడాలి అన్న విషయాలకు ఒక్క పూట కూడా ఇవ్వలేదు. నెలకొకసారి ఫోను చేసి పలకరిస్తామన్నారు, మా బృందంలో ఎవరికీ ఆ ఫోను రాలేదు. రిజిస్టర్లు, ఆన్‌లైన్ నమోదుల మీద గడిపిన రెండు పూటలను దీనికి కేటాయించి ఉంటే బాగుండేది. ఆ నమోదులు బ్లాకు కార్యాలయంలో ఎలాగూ నేర్పుతారు.

శిక్షణ చివర ఇచ్చే సంచి గురించి అందరూ అడుగుతారు. తలకు కట్టుకునే టార్చి, చేతితో నొక్కే శ్వాస బ్యాగు, గ్లూకోమీటర్, బీపీ పరికరం, వేలికి తగిలించే ఆక్సీమీటర్, వాచీ అందులో ఉంటాయి. టార్చి అన్నిటికంటే ఎక్కువగా వాడాను, నాణ్యత కూడా మంచిది. ఆక్సీమీటర్ నల్లని చర్మం మీద ఉన్నదానికంటే ఎక్కువ అంకె చూపించవచ్చని, చల్లబడ్డ వేళ్ల మీద సరిగా పనిచేయదని వాళ్లే చెప్పి ఇచ్చారు, అది నిజాయితీ. అంకె బాగున్నా బిడ్డ ఆయాసపడుతుంటే బిడ్డనే నమ్మాలి. గ్లూకోమీటర్ పట్టీలకు గడువు తక్కువ, ఒకసారి అయిపోతే కొనుక్కోవడానికి జయపురమో, మల్కనగిరో వెళ్లాలి. అందుకని వెళ్లేముందే ఇంకో పెట్టె కొనుక్కోవడం మంచిది. బీపీ పరికరం బ్యాటరీది. గాలి పంపుతో కొట్టి ముల్లు చూసే పాత రకం ఇచ్చి ఉంటే బాగుండేది.

భోజనం, బస సాదాగా, శుభ్రంగా ఉన్నాయి. ఫీజు నామమాత్రం. ఆడవాళ్ల వసతికి కాపలా ఉంది, ఇళ్లవారు నిశ్చింతగా పంపవచ్చు. మొత్తం మీద ఐదుకు నాలుగు ఇస్తాను; భాష పాఠం చేర్చి, ఆ నెలనెలా ఫోను నిజంగా చేస్తే ఐదూ ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

చేరాలనుకునే చెల్లెళ్లు రెండు పనులు ముందుగా చేసుకోవాలి. ఉత్తర్వు వస్తుందన్న మాట వినగానే హెపటైటిస్ బి మొదటి డోసు వేయించుకోవాలి. రెండోది, ఇంతకంటే ముఖ్యమైనది: మెగ్నీషియం సల్ఫేట్, ట్రానెగ్జామిక్ ఆమ్లం, మిసోప్రోస్టాల్, అడ్రినలిన్ వంటివి డాక్టరు పక్కన లేనప్పుడు ఏ పరిస్థితిలో, ఎంత మోతాదు ఇవ్వవచ్చో రాసి వైద్యాధికారి సంతకం చేసిన స్థాయీ ఉత్తర్వు ఒకటి సంపాదించుకుని శిక్షణకు వెళ్లాలి. ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ ద్వారా డాక్టరును అడిగే వీలున్నా, సిగ్నలు గుట్ట ఎక్కి దిగేంత సమయం ప్రతిసారీ ఉండదు. ఆ కాగితం చేతిలో ఉంటే శిక్షణలో చేయించే అభ్యాసాలను మన కేంద్రానికి తగినట్లు అక్కడే సరిచేయించుకోవచ్చు. లేకపోతే నేర్చుకున్నదాంట్లో సగం, కేంద్రంలో చేరాక అనుమతి కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. మా బృందంలో ఆ కాగితంతో వచ్చిన గజపతి సిస్టర్‌కు పెద్ద సిస్టర్ తన దగ్గరున్న నమూనాతో పోల్చి రెండు మోతాదులు సరిచేసి ఇచ్చారు. ఎవరు అడిగినా ఆ నమూనా కాపీ ఇస్తారు, అడగడం మరచిపోవద్దు.